హేతువాద తత్వం ఆధునిక భౌతికశాస్త్రానికి ఏం చేసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో డిగ్రీ, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు, ఆమదాలవలస, నరసన్నపేట వైపు నుంచి వచ్చే టీచర్లు, నేను ఆదివారం సాయంత్రాలు కూర్చుని భౌతికశాస్త్రం మాట్లాడుకుంటాం. లెక్క చేయడం అందరికీ వచ్చు. లెక్క అయిపోయాక అసలు మాట మొదలవుతుంది: ఈ నియమం ఇలాగే ఎందుకు ఉండాలి? వేరేలా ఎందుకు ఉండకూడదు? అలా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాస్టారూ, హేతువాదం అంటే దేవుడు లేడని చెప్పే ఉద్యమమే కదా?

ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. 17వ శతాబ్దపు యూరప్‌లో డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్ అనే ముగ్గురు నడిపిన తత్వధోరణి గురించి. వారిలో డెకార్ట్, లైబ్నిజ్ దేవుణ్ణి గట్టిగా నమ్మినవాళ్లు. లోకం బుద్ధికి అందే క్రమంలో ఉందని, కళ్లతో చూడకముందే ఆలోచనతో దాని గురించి కొన్ని నిజాలు తెలుసుకోవచ్చని వీళ్ల నమ్మకం. లాక్, హ్యూమ్ లాంటి అనుభవవాదులు దీన్ని ఒప్పుకోలేదు. తెలిసేదంతా ఇంద్రియాల ద్వారానే తెలుస్తుందన్నారు.

ఆ తత్వం నుంచి భౌతికశాస్త్రంలోకి వచ్చిన సూత్రాలు ఏవి?

చాలా ఉన్నాయి కానీ మనకు ముఖ్యంగా రెండు కావాలి.

మొదటిది తగిన కారణ సూత్రం. ఏదైనా ఇలా ఉందంటే, వేరేలా కాకుండా ఇలాగే ఉండడానికి తగిన కారణం ఉండాలి. దీనికి పేరు పెట్టి సూత్రంగా నిలబెట్టింది లైబ్నిజ్. వాడకం మాత్రం చాలా పాతది. తక్కెడకు రెండు వైపులా సమాన దూరంలో సమాన బరువులు పెడితే ముల్లు మధ్యలో నిలుస్తుందని ఆర్కిమెడిస్ ప్రమాణంగా తీసుకున్నాడు. ఎడమవైపు దిగడానికి ఒక కారణం చెప్తే అదే కారణం కుడివైపుకూ వర్తిస్తుంది. కాబట్టి ఏ వైపూ దిగదు. ప్రయోగం చేయకుండానే ఇంత చెప్పగలిగాం. గమనించండి, ‘కారణం లేకపోవడం’ అనేదే ఇక్కడ వాదానికి బలం.

రెండోది, ఏ విధంగానూ తేడా చూపలేని రెండు విషయాలు నిజానికి ఒకటే అనే సూత్రం. 1715, 1716లో న్యూటన్ పక్షాన క్లార్క్‌తో జరిగిన ఉత్తరాల వాదంలో లైబ్నిజ్ ఈ రెండింటినీ కలిపి వాడాడు. విశ్వమంతటినీ ఉన్నపళంగా పది అడుగులు తూర్పుకు జరిపామనుకోండి. వస్తువుల మధ్య దూరాలు మారవు. ఏ కొలతా తేడా చూపదు. అలాంటప్పుడు ‘జరిగింది’ అనే మాటకు అర్థమే లేదన్నాడు. న్యూటన్ చెప్పిన నిరపేక్ష స్థలం (వస్తువులతో నిమిత్తం లేకుండా తనంతట తానే ఉండే స్థలం) మీద ఇది గట్టి దెబ్బ. అయితే తిరుగుతున్న బకెట్‌లో నీళ్లు అంచుల వెంట పైకి ఎగబాకుతాయి కదా, ఆ తిరగడం దేనితో పోలిస్తే తిరగడం అన్న న్యూటన్ ప్రశ్నకు లైబ్నిజ్ దగ్గర మంచి జవాబు లేదు. ఆ చర్చలో ఒకరు పూర్తిగా గెలిచారని నేను అనుకోను.

మన ఊళ్లో కనిపించే ఉదాహరణ ఏదైనా ఉందా?

అరసవల్లి ఉంది. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2, 3 తేదీల్లో, మబ్బు లేకపోతే ఉదయపు ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టును తాకుతుంది. జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? మూడుసార్లు ఎందుకు కాదు? ఆ తేదీలే ఎందుకు?

సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా తూర్పు దిక్కు మీద ఉత్తరానికి, దక్షిణానికి ఊగుతూ ఉంటుంది. డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు కొసకు వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఆ రెండు కొసల మధ్య ఉన్న ఏ బిందువునైనా సూర్యుడు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటుతాడు. కాబట్టి ఒక సన్నని మార్గం గుండా వచ్చే ఉదయకిరణం ఏడాదికి రెండు విడతలే పడాలి. పైగా ఆ రెండు విడతలూ డిసెంబరు 21కి ఇటూ అటూ దాదాపు సమాన దూరంలో ఉండాలి. లెక్కపెట్టి చూడండి. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10కి 79. రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు.

నాకు ఈ ఉదాహరణ ఎందుకు ఇష్టమంటే, బుద్ధి ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగాలో రెండూ ఇందులో కనిపిస్తాయి. రెండు విడతలు, వాటి మధ్య సౌష్ఠవం (ఇటూ అటూ ఒకేలా ఉండడం): ఇవి కూర్చున్నచోట ఆలోచనతో తేల్చవచ్చు. కానీ అది మార్చి 10 అవుతుందా, ఫిబ్రవరి 20 అవుతుందా అన్నది గుడి ఏ దిక్కుకు ఎంత తిరిగి ఉందో కొలిస్తే తప్ప తెలియదు. ఇక్కడి నుంచి చివరిదాకా నేను చెప్పబోయేది ఈ విభజన గురించే.

తుపాను సుడి ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. దీనికీ ఆ సూత్రానికీ సంబంధం ఉందా?

ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఉపగ్రహ చిత్రంలో దాని సుడి గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఉంటుంది. బంగాళాఖాతంలో వచ్చే ప్రతి తుపానూ అంతే. అల్పపీడనం అన్ని వైపుల నుంచీ గాలిని సమానంగా లాగుతుంది. లాగడంలో ఎడమ, కుడి తేడా లేదు. మరి సుడిలో ఆ తేడా ఎలా వచ్చింది?

ఫలితంలో కనిపించే అసౌష్ఠవం కారణంలో ఎక్కడో ఉండి తీరాలని 1894లో పియరీ క్యూరీ రాశాడు. తగిన కారణ సూత్రమే, భౌతికశాస్త్రం భాషలో. వెతికితే దొరుకుతుంది: భూమి తిరుగుతోంది. ఉత్తరార్ధగోళంలో ఆ భ్రమణం కదిలే గాలిని కుడివైపుకు మళ్లిస్తుంది. అందుకే దక్షిణార్ధగోళంలో తుపాను సుడి తిరగబడుతుంది. భూమధ్యరేఖకు బాగా దగ్గరగా, సుమారు 5 డిగ్రీల లోపల, ఈ ప్రభావం మరీ తక్కువ కావడంతో తుపాన్లు దాదాపుగా పుట్టవు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. పెన్సిల్‌ను ముక్కు మీద నిలబెడితే ఏదో ఒక వైపు పడుతుంది. అన్ని వైపులా సమానమే అయినా పడుతుంది. కంటికి కనిపించని చిన్న కదలిక ఆ వైపును నిర్ణయిస్తుంది. సమీకరణంలో సౌష్ఠవం ఉండి, స్థితిలో లేకపోవడం అనే ఈ ఆలోచనను కణభౌతికశాస్త్రంలోకి తెచ్చింది నంబు. 1964లో హిగ్స్ తదితరులు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు ఊహించిన కణం 2012లో జెనీవా దగ్గర సెర్న్‌లో కనిపించింది.

శక్తి నిత్యత్వ నియమం ప్రయోగం నుంచి వచ్చిందా, ఆలోచన నుంచి వచ్చిందా?

రెండూ ఒకదాన్నొకటి దిద్దుకుంటూ వచ్చాయి. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

దేవుడు మారడు, కాబట్టి ఆయన లోకంలో పెట్టిన చలనం మొత్తం కూడా మారదు అని డెకార్ట్ 1644లో వాదించాడు. చలనం మొత్తం అంటే పరిమాణాన్ని వేగంతో గుణించగా వచ్చేది. దిశను పట్టించుకోలేదు. దాని నుంచి తీసిన అభిఘాత నియమాలు, అంటే వస్తువులు ఢీకొనే నియమాలు, చాలావరకు తప్పాయి. ఏదో ఒకటి మారకుండా ఉండాలన్న పట్టుదల సరైనదే. ఏది మారదు అన్నదాంట్లో పొరపాటు. 1686లో లైబ్నిజ్, మారనిది వేగం కాదు, వేగం వర్గంతో ముడిపడినదని వాదించాడు. ఎవరు సరి? లైడెన్‌లో గ్రావెసాండె ఇత్తడి గుండ్లను మెత్తని మట్టి మీద పడేసి చూశాడు. వేగం రెట్టింపు చేస్తే గుంట రెండింతలు కాలేదు, నాలుగింతలయింది.

ఈ ప్రయోగాన్ని, లైబ్నిజ్ తత్వాన్ని, న్యూటన్ యాంత్రికశాస్త్రాన్ని ఒకచోట చేర్చి 1740లో పుస్తకం రాసింది ఎమిలీ దు షాత్లే. తన కొడుక్కి పాఠంగా మొదలుపెట్టిన పుస్తకం అది. తగిన కారణ సూత్రం లేకపోతే ఊహకు, శాస్త్రానికి తేడా చెప్పలేమని ఆమె నమ్మింది. అలాగని సూత్రం ఒక్కటే చాలనుకోలేదు, మట్టిలో గుంటను కూడా కొలవాలంది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాతి మెట్టు 1918లో ఎమ్మీ నోటర్ ఎక్కింది. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆడమనిషి అని తన పేరుతో పాఠం చెప్పడానికి కూడా అనుమతి లేని రోజులవి. హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన క్లాసులు ఆమె చెప్పేది. ఆమె నిరూపించిన సిద్ధాంతం ఇది: ప్రకృతి నియమాల్లో నిరంతరంగా మార్చగల ప్రతి సౌష్ఠవానికీ ఒక నిత్యత్వ నియమం ఉంటుంది. నియమాలు నిన్న, నేడు, రేపు ఒకటే అయితే శక్తి నిత్యం. ఇక్కడా, అక్కడా ఒకటే అయితే ద్రవ్యవేగం నిత్యం. ఏ దిక్కుకు తిరిగినా ఒకటే అయితే కోణీయ ద్రవ్యవేగం నిత్యం.

డెకార్ట్ వాక్యాన్ని దీని పక్కన పెట్టి చదవండి. ‘దేవుడు మారడు’ అన్నచోట ‘నియమాలు కాలంతో మారవు’ అని వచ్చింది. ఏది నిత్యమో ఊహించాల్సిన పని పోయి, గణితమే చెప్పడం మొదలుపెట్టింది. పైగా అది ఎక్కడ పనిచేయదో కూడా తెలిసింది. వ్యాకోచిస్తున్న విశ్వంలో కాలసౌష్ఠవం లేదు. అందుకే సుదూర నక్షత్రవీథుల నుంచి వచ్చే కాంతి దారిలో శక్తి కోల్పోతుంటే, ‘ఆ శక్తి ఎక్కడికి పోయింది?’ అన్న ప్రశ్నకు మామూలు లెక్క కుదరదు. నిత్యత్వానికి ఇచ్చిన హామీయే అక్కడ లేదు.

ఐన్‌స్టీన్ హేతువాదా?

ప్రయోగాన్ని గౌరవించిన హేతువాది అనడం న్యాయం. 1905 సాపేక్షతా వ్యాసం ఎలా మొదలవుతుందో చూడండి. కొత్త ప్రయోగంతో కాదు, ఇంటర్ ల్యాబ్‌లో మనం గాల్వనామీటర్‌తో చూసేదాంతోనే. అయస్కాంతాన్ని తీగచుట్ట వైపు జరిపితే ముల్లు కదులుతుంది. అయస్కాంతాన్ని ఉంచి చుట్టను జరిపినా అంతే కదులుతుంది. కానీ అప్పటి సిద్ధాంతం రెండింటికీ వేర్వేరు వివరణలు ఇచ్చేది. మొదటిదానిలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది, రెండోదానిలో పుట్టదు అనేది. కనిపించేది ఒకటే, చెప్పేవి రెండు. ఈ అసౌష్ఠవం ప్రకృతిలో లేదు, మన మాటలోనే ఉంది అన్నది ఆయన అసంతృప్తి. లైబ్నిజ్ క్లార్క్‌కు చెప్పిన వాదమే ఇది. తేడా చూపలేనప్పుడు తేడా ఉందనకండి. దీనికి కాంతివేగం ఒకటే అన్న ప్రమాణం కలిపితే సాపేక్ష సిద్ధాంతం వచ్చింది. లైబ్నిజ్ దగ్గర లేనిది ఆ రెండోదే.

ఈ సూత్రాలు ఎప్పుడైనా తప్పాయా?

దీనికి పౌలి కథ చెప్తాను. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి.

1920లలో బీటా క్షయం పెద్ద చిక్కు. కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ వస్తుంది కానీ లెక్క ప్రకారం ఉండాల్సిన శక్తి దానికి ఉండదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. శక్తి నిత్యత్వ నియమం పరమాణువుల లోపల సగటున మాత్రమే నిలుస్తుందేమోనని నీల్స్ బోర్ అంతటివాడు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. వోల్ఫ్‌గాంగ్ పౌలి ఒప్పుకోలేదు. 1930 డిసెంబరు 4న జూరిక్ నుంచి రాసిన ఉత్తరంలో, మనకు కనబడని, విద్యుదావేశం లేని ఒక కణం మిగతా శక్తిని పట్టుకుపోతోందని సూచించాడు. ఆ రోజుల్లో కొత్త కణం ఊహించడం తెగింపే. 26 ఏళ్లు గడిచాక, 1956లో రైన్స్, కోవన్ అణురియాక్టర్ పక్కన ఆ న్యూట్రినోను పట్టుకున్నారు. ఆ వార్త టెలిగ్రాంలో అందుకునే నాటికి పౌలి బతికే ఉన్నాడు. సూత్రాన్ని నమ్మినవాడు గెలిచాడు.

ఏడాది తిరగలేదు. 1956లోనే లీ, యాంగ్ అనే ఇద్దరు ఒక మాట అన్నారు. ప్రకృతికి ఎడమ, కుడి తేడా లేదని, ఏ ప్రక్రియకైనా అద్దంలో కనిపించే ప్రతిబింబం కూడా సాధ్యమైన ప్రక్రియే అని అందరం నమ్ముతున్నాం. గురుత్వాకర్షణలో, విద్యుదయస్కాంతంలో అది నిజమే. బీటా క్షయంలో ఎవరైనా పరీక్షించారా? పాత ప్రయోగాలన్నీ తిరగేసి, ఎవరూ పరీక్షించలేదని చూపించారు. చియన్-షియుంగ్ వూ తన సహచరులతో కలిసి కోబాల్ట్-60ని పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు దగ్గరకు చల్లబరిచి, కేంద్రకాల స్పిన్‌లన్నీ (బొంగరంలా తిరిగే అక్షాలనుకోండి) అయస్కాంతంతో ఒకే వైపు నిలిపింది. అద్దం సౌష్ఠవం నిజమైతే ఎలక్ట్రాన్లు స్పిన్ వైపు, దాని ఎదురువైపు సమానంగా రావాలి. ఎదురువైపే ఎక్కువ వచ్చాయి. 1957 జనవరిలో ఫలితం తెలిసింది. ఆ వార్త తనకు అందడానికి కొద్ది రోజుల ముందే పౌలి, ప్రయోగం సౌష్ఠవాన్నే చూపుతుందని పెద్ద మొత్తం పందెం కాయడానికి సిద్ధమని తోటి భౌతికశాస్త్రవేత్త వైస్‌కాఫ్‌కు ఉత్తరం రాశాడు. ఈసారి ఓడిపోయాడు.

మనిషి ఒకడే, బుద్ధి ఒకటే, నమ్మకం కూడా ఒకే రకంది. ఒకసారి గెలిచి ఒకసారి ఎందుకు ఓడింది? ‘అదృష్టం’ అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. శక్తి నిత్యత్వం వెనక నోటర్ సిద్ధాంతం ఉంది. నియమాలు కాలంతో మారవన్నదానికి ఎన్నో రంగాల నుంచి సాక్ష్యం ఉంది. అద్దం సౌష్ఠవం అలాంటిది కాదు. దాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోలేం, కాబట్టి నోటర్ హామీ దానికి వర్తించదు. రెండు బలాల దగ్గర నిజమని తేలిన విషయాన్ని బీటా క్షయం వెనకున్న మూడో బలానికి అరువిచ్చారు. అరువు ఇచ్చామని మరిచిపోయి, బుద్ధి చెప్పిన స్వయంసిద్ధమనుకున్నారు. లీ, యాంగ్ గొప్పతనం ఆ అరువును గుర్తుపట్టడంలో ఉంది. ఇలా గుర్తుపట్టడం కూడా తర్కం పనే. అందుకే వూ ప్రయోగం హేతువాదాన్ని ఓడించిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ప్రయోగం చేయాలన్న ఆలోచనే ‘ఈ నమ్మకానికి కారణమేంటి?’ అన్న ప్రశ్న నుంచి పుట్టింది.

మరో విషయం. ఆ తర్వాత అదే 1957లో బీటా క్షయంలో ఎడమచేతివాటం ఏ రూపంలో ఉందో సరిగ్గా చెప్పిన ఇద్దరిలో ఒకరు మన కేరళవారు, ఇ.సి.జి. సుదర్శన్. రెండోవారు మార్షక్.

క్వాంటం సిద్ధాంతంలో కారణం లేకుండానే జరుగుతాయంటారు. మరి తగిన కారణ సూత్రం పోయినట్టేనా?

మన తీరం నుంచే మొదలుపెడదాం. భావనపాడు, కళింగపట్నం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. థోరియం-232 అర్ధజీవిత కాలం (ఉన్న పరమాణువుల్లో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం) సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు, అంటే విశ్వం వయసుకంటే కాస్త ఎక్కువే. అయినా ఒక గ్రాము థోరియంలో సెకనుకు దాదాపు 4,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. ఈ పరమాణువు ఈ క్షణంలో పేలింది. పక్కనే ఉన్న, అన్ని విధాలా అలాంటిదే అయిన పరమాణువు ఇంకో వెయ్యి కోట్ల ఏళ్లు అలాగే ఉండొచ్చు. ఎందుకు? క్వాంటం సిద్ధాంతం మామూలు పాఠం ప్రకారం జవాబు లేదు. ఆర్కిమెడిస్ వాదం ఇక్కడ తలకిందులైంది. తేడా లేని రెండింటికి రెండు గతులు.

ఇక్కడ తొందరపడి రెండు పనులు చేయకూడదు.

మొదటిది, ‘కారణమే లేదు’ అని చేతులెత్తేయడం. ఏ క్షణంలో అన్నదానికి జవాబు లేకపోయినా, ఎంత జోరుగా అన్నదానికి చక్కని జవాబు ఉంది. థోరియం-232 ఆల్ఫా కణం శక్తి సుమారు 4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పొలోనియం-212ది దానికి రెండింతలకు కొంచెం పైన. ఈ చిన్న తేడాతో పొలోనియం అర్ధజీవితం సెకనులో పది లక్షల వంతులో మూడో భాగానికి పడిపోయింది. రెండింటి మధ్య ఇంత అగాధం ఎందుకో 1928లో గామోవ్, కేంద్రకం చుట్టూ ఉన్న శక్తి అడ్డుగోడను కణం సొరంగంలా దాటడంతో వివరించాడు. సంభావ్యతకు కారణం ఉంది. ఘటనకే చెప్పలేకపోతున్నాం.

రెండోది, ‘లోపల ఏదో దాగిన కారణం ఉండే ఉంటుంది, మనకు తెలియదంతే’ అని తేలిగ్గా అనేయడం. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ అటువైపే వాదించారు. 1964లో జాన్ బెల్ ఈ ప్రశ్నను కొలవగలిగే రూపంలోకి తెచ్చాడు. ఒకేచోట పుట్టి దూరంగా వెళ్లిన జంట కణాలను కొలిస్తే వచ్చే జవాబులు ముందే లోపల రాసి ఉండి, ఒకచోట కొలత ఇంకోచోటును తక్షణం ప్రభావితం చేయకపోతే, ఒకానొక లెక్క విలువ 2 దాటకూడదు. క్వాంటం ప్రకారం అది 2.83 దాకా పోవచ్చు. 1972లో క్లౌజర్, 1982లో అస్పెక్ట్, తర్వాత జైలింగర్ బృందం కొలిచారు. 2 దాటింది. 2015లో డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో, వాదనలోని లొసుగులు మూసేసి కొలిచినా దాటింది. ఆ ముగ్గురికీ 2022లో నోబెల్ వచ్చింది.

దీని అర్థం కారణాలు లేవని కాదు. కారణం ఉండాలంటే దానికి చెల్లించాల్సిన ధర తెలిసిందని అర్థం. 1952లో డేవిడ్ బోమ్ ఇచ్చిన సిద్ధాంతంలో ప్రతి ఘటనకూ కారణం ఉంది. కానీ దూరంతో నిమిత్తం లేకుండా ప్రభావం పాకుతుంది. 1957లో ఎవరెట్ అన్ని ఫలితాలూ జరుగుతాయన్నాడు, అప్పుడు ‘ఇదే ఎందుకు?’ అన్న ప్రశ్నే రూపం మార్చుకుంటుంది. వీటిలో ఏది నిజమో తేల్చే ప్రయోగం ఇంతవరకు లేదు. నేనైతే పిల్లలకు ఏ పక్షమూ చెప్పను. ఏ పక్షానికి ఎంత ధరో చెప్తాను.

రెండు ఎలక్ట్రాన్ల మధ్య తేడా లేదంటారు. లైబ్నిజ్ సూత్రం ప్రకారం అవి ఒకటే కావాలి కదా?

మంచి పట్టు. రెండు నాణేలు ఎగరేస్తే నాలుగు ఫలితాలు: రెండూ బొమ్మ, రెండూ బొరుసు, మొదటిది బొమ్మ రెండోది బొరుసు, దానికి తిరగేసినది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే అవకాశం సగం. 1924లో ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలకు ఈ లెక్క మార్చేశాడు. చివరి రెండూ వేర్వేరు కాదు, ఒకటే అన్నట్టు లెక్కపెట్టాడు. అప్పుడు ఫలితాలు మూడే, ఒక్కోదానికి మూడో వంతు. వేడి వస్తువు వెదజల్లే కాంతి గురించిన ప్లాంక్ నియమం సరిగ్గా వచ్చింది. ఐన్‌స్టీన్ దాన్ని జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించాడు. ఆ లెక్క నుంచి ఊహించిన ఘనీభవనం (కణాలు పెద్ద సంఖ్యలో ఒకే స్థితిలోకి చేరడం) 1995లో రుబీడియం వాయువులో కనిపించింది.

అంటే లైబ్నిజ్ సూత్రం రెండుగా చీలింది. ‘కణాలను అటూ ఇటూ మార్చితే కొత్త స్థితి రాదు’ అన్న సగం ఘనంగా గెలిచింది. ‘అన్నింటా ఒకేలా ఉన్నవి రెండుగా ఉండలేవు’ అన్న సగం నిలవలేదు. ఒకే స్థితిలో ఉన్న రెండు ఫోటాన్లు ఒక ఫోటాన్‌కు రెట్టింపు శక్తి మోస్తాయి.

అయితే ప్రయోగాలు లేకుండా శుద్ధ ఆలోచనతోనే అన్నీ తేల్చలేమా?

తేల్చలేం. ప్రయత్నించినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. గ్రహాలు ఆరే ఎందుకు అని అడిగి, క్రమ ఘనరూపాలు (ఘనంలా ముఖాలన్నీ ఒకేలా ఉండేవి) అయిదే కాబట్టి వాటి మధ్య ఆరు గోళాలే పడతాయని కెప్లర్ 1596లో వాదించాడు. ఎంత అందమైన కారణమో. 1781లో యురేనస్ కనిపించింది. కానీ అదే కెప్లర్, అంగారకుడి స్థానంలో 8 నిమిషాల కోణం తేడా వస్తే సర్దుకుపోకుండా, వేల ఏళ్ల వృత్తాన్ని వదిలి దీర్ఘవృత్తానికి వెళ్లాడు. రెండు పనులూ ఒకే మనిషి చేశాడు.

ఎడింగ్టన్ కథ ఇంకా విషాదం. 1919 గ్రహణంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించినవాడు. చివరి సంవత్సరాల్లో సూక్ష్మనిర్మాణ స్థిరాంకాన్ని (విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే సంఖ్యను) శుద్ధ తర్కంతో రాబట్టాలని కూర్చున్నాడు. ముందు దాని విలోమం 136 అని నిరూపించాడు. కొలతలు 137 వైపు వెళ్లాక 137 అని నిరూపించాడు. ఇప్పటి కొలత 137.036. కొలతను బట్టి మారే నిరూపణను నిరూపణ అనలేం.

కాంట్ సంగతి?

హేతువాదులకు, అనుభవవాదులకు మధ్య 1781లో సంధి కుదిర్చాడు. యూక్లిడ్ జ్యామితి మన బుద్ధి లోకానికి వేసే చట్రమని, అది తప్పడానికి వీల్లేదని ఆయన అభిప్రాయం. 1915లో సామాన్య సాపేక్షత ఆ ‘వీల్లేదు’ని కొట్టేసింది. కళింగపట్నం నుంచి వేటకెళ్లే మరబోటు మీద జీపీఎస్ చూడండి. 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహ గడియారం నేల మీది దానికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. సరిచేయకపోతే ఒక్క రోజులో పదకొండు కిలోమీటర్ల దాకా తప్పు పేరుకుంటుంది.

ఇవన్నీ మన దర్శనాల్లో ముందే ఉన్నాయంటారు. నిజమా?

ప్రశ్నలు ఉన్నాయి. కార్యం కారణంలో ముందే ఉంటుందని సాంఖ్యులు, కొత్తగా పుడుతుందని నైయాయికులు శతాబ్దాలు వాదించుకున్నారు. అనుమానం, అంటే చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించడం, ప్రమాణమే కాదని చార్వాకులు అడ్డుపడ్డారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఉన్న బౌద్ధ భిక్షువుల మతానికి మూలమే ‘ఇది ఉంటే అది కలుగుతుంది’ అన్న ప్రతీత్యసముత్పాదం. ఇంత పదునైన చర్చ మన గడ్డ మీద జరిగిందని గర్వపడొచ్చు. కానీ బెల్ లెక్క, నోటర్ సిద్ధాంతం వాటిలో ఉన్నాయనడం ఆ దార్శనికులకు గౌరవం కాదు. వాళ్లు ఆధారం చూపమనేవారు.

డీఎస్సీకి, నెట్‌కు ఇది పనికొస్తుందా?

నేరుగా మార్కులు రావు. కానీ సౌష్ఠవం చూసి లెక్క సగానికి తగ్గించడం అలవాటైతే గాస్ నియమం, అభిఘాతాలు, వలయాల లెక్కల్లో టైం చాలా కలిసొస్తుంది.

భౌతికశాస్త్రం ఎప్పటికైనా అన్ని ‘ఎందుకు’లకూ జవాబు చెప్తుందా?

ఇప్పటికి చెప్పలేనివి పెద్దవే ఉన్నాయి. ఎలక్ట్రాన్‌కు, దానికి 207 రెట్లు బరువైన మ్యువాన్‌కు ఒకే ఆవేశం, మరి ద్రవ్యరాశిలో అంత తేడా ఎందుకు? ఎలక్ట్రాన్, మ్యువాన్ లాంటి కణాల తరాలు (ద్రవ్యరాశిలో తప్ప ఒకేలా ఉండే కణాల వరుసలు) మూడే ఎందుకు? విశ్వంలో పదార్థం మిగిలి ప్రతిపదార్థం ఎందుకు మాయమైంది? చివరిదానికి సౌష్ఠవ భంగంతో సంబంధం ఉండాలని 1967లో సఖరోవ్ చూపించాడు. కానీ ఇంతవరకు కొలిచిన భంగం సరిపోవడం లేదు. స్పినోజా అయితే అన్నింటికీ కారణం ఉండి తీరాలంటాడు. హ్యూమ్ అయితే ఆ హామీ ఎవరిచ్చారంటాడు. నేను స్పినోజా వైపే మొగ్గుతాను, కానీ అది నా మొగ్గు మాత్రమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకంలో అభిఘాతాల భాగం తీయండి. ప్రతి లెక్కలో ‘ద్రవ్యవేగం నిత్యం’ అని రాసేచోట ఆగి, ఏ సౌష్ఠవం వల్ల అని పక్కన రాయండి. బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చే లెక్కలో బంతి ద్రవ్యవేగం నిత్యం కాదు. గోడ ఉన్నచోటు, లేనిచోటు ఒకటి కావు కాబట్టి. దాన్ని మీ అంతట మీరు కనిపెడితే నోటర్ సిద్ధాంతం సగం వచ్చినట్టే. మిగతా సగానికి కలనగణితం కావాలి. దానికి డిగ్రీ రెండో ఏడాది దాకా ఆగండి, లేదా ఆదివారం సాయంత్రం రండి.